మాటలు లేని ప్రశ్నపత్రం – ఆటిజం గలవారి దృశ్యతర్కాన్ని లోకం గుర్తించిన చరిత్ర



శిక్షణ కళాశాలలో విద్యా మనోవిజ్ఞానం చదువుకున్న వారికి బినే, వెష్లర్, రావెన్ అనే మూడు పేర్లు కొత్తవి కావు. ఎవరు ఏ సంవత్సరంలో ఏ ప్రజ్ఞా పరీక్షను తయారు చేశారో వల్లెవేసి, పరీక్ష కాగానే మరచిపోయి ఉంటారు. శాబ్దిక పరీక్షలు, అశాబ్దిక పరీక్షలు, నిష్పాదన పరీక్షలు అన్న విభజన మటుకు లీలగానైనా గుర్తుండే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఆ విభజన నాలుగు పంక్తులలో ముగిసిపోతుంది. అయితే ఆటిజం గల మనుషుల విషయంలో, ఏ పరీక్ష పెట్టారన్నదాన్ని బట్టి ఒకే మనిషి ఒకచోట మందబుద్ధిగా, మరొకచోట మంచి తెలివిగలవాడుగా లెక్కకు వచ్చిన చరిత్ర ఒకటి ఉన్నది. డెబ్బై ఏళ్ళకు పైగా సాగిన ఆ చరిత్రను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. తరగతిలో అటువంటి విద్యార్థి ఉన్న ఉపాధ్యాయునికీ, ఇంట్లో అటువంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకూ ఇందులో నేరుగా పనికివచ్చే సంగతులున్నాయి.

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో పనిచేస్తున్న లియో కానర్ అనే బాలల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లలను గురించి ఒక దీర్ఘమైన వ్యాసం ప్రచురించారు. వారిలో ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మనుషులతో కలవకపోవడం, మాట వచ్చినా దానిని సంభాషణకు వాడకపోవడం, అన్నీ ఒకే క్రమంలో జరగాలని పట్టుబట్టడం – ఇవి ఆయన గుర్తించిన లక్షణాలు. ఆటిజం అన్న పేరు నేటి అర్థంలో స్థిరపడడానికి ఆ వ్యాసమే ముఖ్య కారణం. మరుసటి ఏట వియన్నాలో హన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లలను గురించే రాశారు. నాజీల కాలంలో ఆయన నడవడిని గురించి 2018లో వెలువడిన చరిత్ర పరిశోధనల తరువాత ఆయన పేరు పెట్టి పిలవడానికి అనేకులు ఇష్టపడడం లేదు. అది వేరే కథ.

కానర్ వ్యాసంలో చాలామంది గమనించకుండా దాటిపోయే చిన్న వివరం ఒకటి ఉన్నది. బినే తరహా పరీక్షలను ఆ పిల్లలకు పెట్టడం సాధ్యపడలేదు. కాని సెగాన్ ఫారం బోర్డును మాత్రం అందరూ బాగానే చేశారు. ఆ బోర్డు పంతొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ఎడ్వార్డ్ సెగాన్ పేరు మీద వచ్చినది. ఒక చెక్క పలకలో వృత్తం, చతురస్రం, నక్షత్రం వంటి పది ఆకారాల గుంటలు ఉంటాయి. విడిగా ఉన్న పది చెక్క ముక్కలను ఏ గుంటలో పట్టేదాన్ని ఆ గుంటలో వీలైనంత త్వరగా పెట్టాలి. నోరు విప్పవలసిన పని లేదు. మన దేశంలోని పరీక్షా కేంద్రాలలో ఇది నేటికీ వాడుకలో ఉన్నది. మీలో కొందరు చూసే ఉంటారు. ఆ పదకొండు మందిలో చాలామందిని అప్పటికే బుద్ధి తక్కువ వారుగా భావించి ఉన్నా, వారందరికీ మంచి ఆలోచనాశక్తి ఉన్నదని కానర్ నిస్సందేహంగా రాశారు.

ఆ వ్యాసంలోని మొదటి బాలుడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణానికి చెందిన డోనాల్డ్ ట్రిప్లెట్. మూడేళ్ళ వయసులో వైద్యుల సలహా మీద అతన్ని ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాది గడిచాక తల్లిదండ్రులు వెనక్కి తెచ్చుకున్నారు. ఆయన కళాశాల చదువు పూర్తి చేసి, సొంత ఊరిలోనే బ్యాంకులో ఉద్యోగం చేసి, కారు నడిపి, గోల్ఫ్ ఆడి, ఒంటరిగా అనేక దేశాలు తిరిగి, 2023లో 89వ ఏట కన్నుమూశారు. ఆయన జీవితమంతా చదివినప్పుడు, ఆ సంస్థలోనే ఉంచేసి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన రాకమానదు.

కానర్ రాసిన ఆ ఒక్క వాక్యం తరువాతి దశాబ్దాలలో మరుగున పడింది. 1960లు, 1970లలోని పరిశోధకులు ఆటిజం గలవారికి వెష్లర్, బినే పరీక్షలు పెట్టారు. మాట అర్థం కానివారికి, మాట పెగలనివారికి ప్రశ్నలు మాటలలోనే వేశారు. వచ్చిన సంఖ్యలను చూసి, నాలుగింట మూడు వంతుల మందికి బుద్ధిమాంద్యం ఉన్నదని పాఠ్యగ్రంథాలలో రాసుకున్నారు. మధ్యలో కనబడిన మంచి గుణాంకాలను ‘సామర్థ్యపు దీవులు’ అన్నారు. చుట్టూ అజ్ఞాన సముద్రం, నడుమ ఒక చిన్న దీవి అని ఆ మాటకు భావం. ఆ ఉపమానం ఎంత బలంగా పనిచేసిందంటే, ఆ దీవి అసలు ఎంత పెద్దదో కొలిచి చూడాలన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు.

ఇక్కడ రావెన్ సంగతి కొంత విపులంగా చెప్పుకోవాలి. 1930లలో ఇంగ్లండులోని కోల్చెస్టర్‌లో లయొనెల్ పెన్‌రోజ్ అనే వైద్యుడు బుద్ధిమాంద్యం వంశపారంపర్యంగా వస్తుందా అన్న విషయం పరిశోధిస్తూ ఉండేవారు. ఆయన దగ్గర జాన్ కార్లైల్ రావెన్ అనే యువకుడు సహాయకుడుగా ఉండేవారు. రోగుల తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా ప్రజ్ఞా పరీక్షలు పెట్టాలి. వారి ఇళ్ళకు, పిల్లల బడులకు, పనిచేసే చోట్లకు వెళ్ళాలి. బినే పరీక్ష అటువంటి చోట్ల పెట్టడానికి చాలా తంటా. వచ్చిన ఫలితానికి అర్థం చెప్పడం అంతకన్నా కష్టం. అందువల్ల రావెన్ చదువుతోనూ, భాషతోనూ పని లేని పరీక్ష ఒకటి కావాలనుకున్నారు. తొలి రూపం 1936లో సిద్ధమయింది. 1938లో ‘ప్రోగ్రెసివ్ మాట్రిసెస్’ అన్న పేరుతో అచ్చయింది. ఐదు భాగాలు, భాగానికి పన్నెండు చొప్పున అరవై ప్రశ్నలు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కొత్తగా చేరినవారిని వర్గీకరించడానికి దీనిని పెద్ద ఎత్తున వాడుకున్నది. 1947లో చిన్నపిల్లల కోసం రంగులలో ముప్ఫై ఆరు ప్రశ్నల పుస్తకం కూడా వచ్చింది.

ప్రశ్న ఎలా ఉంటుందో మన ముగ్గులతో చెప్పుకుందాం. నేల మీద మూడు వరుసలుగా, వరుసకు మూడు చొప్పున తొమ్మిది గళ్ళు గీశారనుకోండి. మొదటి వరుసలో మూడు పద్మాలు, రెండవ వరుసలో మూడు శంఖాలు, మూడవ వరుసలో మూడు చక్రాలు. ఎడమ నుంచి కుడికి పోతున్నకొద్దీ లోపలి చుక్కలు ఒకటి, రెండు, మూడుగా పెరుగుతున్నాయి. చివరి గడి మాత్రం ఖాళీగా ఉన్నది. అక్కడ మూడు చుక్కల చక్రం రావాలని మీరు చెప్పకుండానే చెప్పగలరు. మీరు చేసిన పని ఏమిటి? అడ్డంగా ఒక నియమం, నిలువుగా ఒక నియమం కనిపెట్టి, రెండింటినీ కలిపి, కంటికి కనబడని గడిని నింపారు. చివరి భాగాలలో ఇటువంటి నియమాలు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకదానిని మనసులో పట్టుకొని మరొకదానిని వెతకాలి. 1990లో కార్పెంటర్, జస్ట్, షెల్ అనే పరిశోధకులు ఈ ప్రశ్నలను విడదీసి చూసి, నూతన నియమాన్ని కనుగొనే శక్తినీ, పలు లక్ష్యాలను ఏకకాలంలో మనసులో నిలుపుకొనే శక్తినీ ఇవి కొలుస్తాయని నిరూపించారు. బట్టీ పట్టి ఇందులో నెగ్గడం కుదరదు. మనోవిజ్ఞానంలో ఇంతకన్నా శుద్ధమైన తర్కపరీక్ష లేదని పలువురి అభిప్రాయం. ఈ మాటను గుర్తుంచుకోండి, ముందు అవసరమవుతుంది.

మన దేశంలోనూ ఈ దారిన ఆలోచించిన వారున్నారు. చదువు రాని పిల్లలకు పెన్సిలు పరీక్షలు పెట్టి తెలివి లేదనడం అన్యాయమని భావించి, సి. ఎం. భాటియా 1955లో భారతీయ పరిస్థితులకు తగిన నిష్పాదన పరీక్షలను ప్రచురించారు. శిక్షణలో ‘భాటియా బ్యాటరీ’ అని మీరు చదివింది అదే. దానిలోని ఐదు పరీక్షలలో మొదటిది కోస్ రూపొందించిన దిమ్మెల పరీక్ష.

ఆ దిమ్మెల దగ్గరే మన కథ మళ్ళీ మలుపు తిరుగుతుంది. 1939లో న్యూయార్కులో డేవిడ్ వెష్లర్ పెద్దల కోసం ప్రజ్ఞా పరీక్ష రూపొందించినప్పుడు, కోస్ దిమ్మెలను అందులో ఒక ఉపపరీక్షగా చేర్చుకున్నారు. దాని పేరు బ్లాక్ డిజైన్. కొన్ని పక్కలు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని కోణంగా సగం సగం రంగు వేసిన చిన్న ఘనాలు చేతికిచ్చి, కాగితం మీద ఉన్న నమూనాను వాటితో పేర్చమంటారు. వెష్లర్ పరీక్ష చేసిన ఆటిజం గలవారి పట్టికలను వరుసగా చూస్తే ఒక విచిత్రం కనబడేది. లోకజ్ఞానం అడిగే ప్రశ్నలలో, అందులోనూ ‘ఫలానా పరిస్థితిలో ఏం చేస్తావు’ అనే తరహా వాటిలో, గుణాంకం అడుగున ఉండేది. బ్లాక్ డిజైన్ దగ్గర ఒక్కసారిగా శిఖరానికి ఎక్కేది. మొత్తాన్ని కూడి సగటు తీసేసరికి శిఖరమూ లోయా రెండూ మాయమై, మధ్యలో ఒక సంఖ్య మిగిలేది.

లండనులో అమిత్తా షా, ఊటా ఫ్రిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ శిఖరం మీద దృష్టి పెట్టారు. 1983లో వారు దాగిన ఆకృతుల పరీక్షను వాడారు. పిల్లల పత్రికలలో చెట్టుకొమ్మల మధ్య దాగిన పిట్టను వెతకమంటారే, ఆ తరహాది. సంక్లిష్టమైన బొమ్మలో ఇమిడిపోయిన ఒక చిన్న త్రికోణాన్ని పట్టుకోవాలి. ఆటిజం గల పిల్లలు ఇందులో తమ మానసిక వయసు గల ఇతర పిల్లలకన్నా మెరుగ్గా చేశారు. 1993లో వారిద్దరే బ్లాక్ డిజైన్ మీద మరొక చక్కని ప్రయోగం చేశారు. కాగితం మీది నమూనాను ఒకసారి యథాతథంగానూ, ఒకసారి ఏ దిమ్మె ఎక్కడుందో తెలిసేలా ముక్కలుగా ఎడం చేసిగానూ చూపారు. ముక్కలు చేసి చూపినప్పుడు మామూలు వారి వేగం బాగా పెరిగింది. ఆటిజం గలవారికి ఆ సాయంతో అంతగా పని లేకపోయింది. ఎందుకంటే వారి కన్ను ఆ నమూనాను ముందే ముక్కలుగా చూస్తున్నది. చుక్కల ముగ్గును చూడగానే మొత్తం అందం కన్నా ముందు చుక్కల వరుసలూ, గీత మెలిక తిరిగిన చోట్లూ కనబడే అమ్మాయిలు కొందరుంటారు. ఆ చూపు వంటిదే ఇది.

1989లో ఫ్రిత్ రాసిన పుస్తకంలో దీనికొక సిద్ధాంతం ఉన్నది. మామూలు మెదడు వివరాలను కలిపి ఒక మొత్తంగా, ఒక అర్థంగా కట్టుకోవాలని తహతహలాడుతుందనీ, ఆటిజంలో ఆ కట్టుబాటు బలహీనంగా ఉంటుందనీ ఆమె వాదన. వాదన తెలివైనదే. కాని అందులో ఒక మెలిక ఉన్నది, చూడండి. మంచి గుణాంకం వచ్చినా దానికి కారణం ఒక లోపమే అని తేల్చడం! ఎక్కువ మార్కులు వచ్చిన విద్యార్థిని ‘నీకు ఏదో తక్కువ కాబట్టే వచ్చాయి’ అన్నట్లుంది. తరువాత ఫ్రిత్, ఆమె శిష్యురాలు ఫ్రాన్సెస్కా హాపే ఈ సిద్ధాంతాన్ని సవరించి, దీనిని లోపంగా గాక ఒక మొగ్గుగా, ఒక శైలిగా చూడాలని 2006లో రాశారు. అది వారి పెద్దమనసు.

ఈలోగా ఆటిజం గలవారే మాట్లాడడం మొదలుపెట్టారు. 1947లో పుట్టిన టెంపుల్ గ్రాండిన్‌కు మూడేళ్ళు దాటినా మాటలు రాలేదు. ఆమె పెరిగి పెద్దదై పశుశాస్త్రంలో డాక్టరేటు పొంది, పశువులను బెదరకుండా నడిపించే వంపు దారుల రూపశిల్పిగా ప్రసిద్ధురాలయ్యారు. 1995లో వెలువడిన తన పుస్తకంలో, తన ఆలోచన మాటలలో నడవదనీ, మనసులో బొమ్మలుగా నడుస్తుందనీ వివరించారు. కట్టబోయే నిర్మాణాన్ని ఆమె ముందుగానే మనసులో కట్టి, దానిలో పశువులను నడిపి, ఎక్కడ నీడ పడితే ఆవు బెదురుతుందో చూసుకునేవారు. సమస్య పరిష్కారంలో మాట ప్రమేయం ఇంత తక్కువగా ఉండగలదని చాలామంది పాఠకులకు మొదటిసారి తెలిసింది ఆ పుస్తకంతోనే.

రెండవ గొంతు కెనడాలోని మాంట్రియల్ నగరానికి చెందిన మిషెల్ డాసన్‌ది. ఆమె తపాలా శాఖలో ఉద్యోగం చేసినవారు. పరిశోధన పట్టా ఏదీ లేదు. స్వయంగా ఆటిజం గల ఆమె, అక్కడి మానసిక వైద్యుడు లారెంట్ మొత్రాన్ పరిశోధన బృందంలో చేరి, శాస్త్రవేత్తల వ్యాసాలను నిశితంగా విమర్శించసాగారు. ఆటిజం గలవారు ఏదైనా బాగా చేస్తే దానిని కూడా లోపానికి సాక్ష్యంగానే ఎందుకు రాస్తున్నారని ఆమె ప్రశ్న. తేలికగా తోసిపుచ్చగల ప్రశ్న కాదది. మొత్రాన్ కూడా తన సిద్ధాంతాన్ని అదే దిశలో కట్టుకుంటూ వచ్చారు. మొత్తాన్ని చూసే శక్తి తగ్గడం అసలు కారణం కాదనీ, కంటితో, చెవితో గ్రహించే శక్తి అధికంగా ఉండి ఆలోచనలో పెద్ద పాత్ర వహిస్తున్నదనీ ఆయన ప్రతిపాదన.

2007లో డాసన్ మొదటి రచయితగా, ఇసబెల్ సూలియెర్, మోర్టన్ ఆన్ గెర్న్స్‌బాకర్, మొత్రాన్ సహరచయితలుగా ఒక వ్యాసం వెలువడింది. చేసిన పని చాలా సరళం. ముప్ఫై ఎనిమిది మంది ఆటిజం గల పిల్లలకు వెష్లర్ పరీక్షా, రావెన్ పరీక్షా రెండూ పెట్టారు. ఫలితాన్ని శతాంశంలో చెప్పారు. అనగా ఒకే వయసు వారు వంద మందిని వరుసగా నిలబెడితే ఎన్నవ స్థానంలో ఉంటారో అది. వెష్లర్‌లో ఆ పిల్లల సగటు 26వ స్థానం. రావెన్‌లో 56వ స్థానం. కొందరిలో తేడా డెబ్బై స్థానాలు దాటింది. వెష్లర్ ప్రకారం వారిలో మూడవ వంతు మంది మందబుద్ధుల కోవలోకి వస్తారు. రావెన్ ప్రకారం నూటికి ఐదుగురే వస్తారు. వెష్లర్‌లో ఒక్కరికీ అత్యున్నత శ్రేణి దక్కలేదు; రావెన్‌లో మూడవ వంతు మందికి దక్కింది. పదముగ్గురు పెద్దలకు పెట్టి చూసినా ఇదే పోకడ కనబడింది. ఆటిజం లేనివారిలో రెండు పరీక్షల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

రావెన్‌ను గురించి గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ అక్కరకు వస్తుంది. ఫలితం దిమ్మెల దగ్గరో, దాగిన బొమ్మల దగ్గరో వచ్చి ఉంటే, చూపు చురుకు అంతే అని సరిపెట్టుకోవచ్చు. కాని రావెన్ తర్కానికే గీటురాయి అని అందరూ ఒప్పుకున్న పరీక్ష. అందులో బాగా చేసిన వారికి తర్కం లేదనడం ఎలా? ‘దీవి’ అన్న ఉపమానం ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

మరి ఆ తర్కం మెదడులో ఎక్కడ జరుగుతున్నది? మెదడులో పనిచేస్తున్న చోటికి రక్తప్రసారం పెరుగుతుందన్న సంగతిని ఆధారం చేసుకొని, మనిషి ఆలోచిస్తున్నప్పుడే ఫోటో తీసే ఎఫ్.ఎం.ఆర్.ఐ. పద్ధతి 1990ల మొదట్లో అందుబాటులోకి వచ్చింది. 1999లో హోవర్డ్ రింగ్ బృందం దాగిన ఆకృతులను వెతుకుతున్న పెద్దలను ఈ యంత్రంలో పరిశీలించింది. మామూలు వారు నుదుటి వెనుక ఉన్న ముందు భాగాన్ని ఎక్కువగా వాడుతుండగా, ఆటిజం గలవారు చూపుకు సంబంధించిన వెనుక, కింది భాగాలను ఎక్కువగా వాడారు. 2006లో పిట్స్‌బర్గులో రాజేష్ కానా బృందం వాక్యాలతో ప్రయత్నించింది. మనసులో బొమ్మ కట్టుకుంటే గాని అర్థం కాని వాక్యాలు కొన్ని, బొమ్మతో పని లేనివి కొన్ని. ఆటిజం గలవారి మెదడు రెండవ తరహా వాక్యాలకు సైతం బొమ్మలు కట్టే ప్రాంతాలను కదిలించింది. గ్రాండిన్ తన అనుభవంగా చెప్పినదానికి ఇది యంత్రం పలికిన సాక్ష్యం.

2009లో సూలియెర్ బృందం రావెన్ పరీక్షనే యంత్రంలోకి తీసుకుపోయింది. 14 నుంచి 36 ఏళ్ళ మధ్య వారు, ఆటిజం గలవారు పదిహేను మంది, లేనివారు పద్దెనిమిది మంది, అరవై ప్రశ్నలనూ ఎవరి వేగంతో వారు చేశారు. సరైన జవాబుల సంఖ్యలో రెండు జట్లూ ఇంచుమించు సమానం. కాని ఆటిజం గలవారు త్వరగా ముగించారు. కొన్నిచోట్ల నలభై శాతం వరకు తక్కువ సమయంలో. ఒకే రకం బొమ్మలను జతపరచే మామూలు పనిలో ఇటువంటి తేడా రాలేదు కాబట్టి, ఇది చేతి వేగం కాదు. మెదడు చిత్రాలలో, చూపును విశ్లేషించే వెనుక భాగం ఆటిజం గలవారిలో ఎక్కువగా పనిచేసింది. మామూలు వారిలో ప్రణాళికలకూ, మనసులో మాటగా చెప్పుకోవడానికీ పనికివచ్చే ముందు భాగం వారిలో తక్కువగా పనిచేసింది. అంటే వారు నియమాన్ని ముందు ‘చుక్కలు ఒక్కొక్కటిగా పెరుగుతున్నాయి’ అని మాటలలో పెట్టుకొని తరువాత ఖాళీ గడిని నింపడం లేదనిపిస్తుంది. వారు నియమాన్ని చూస్తున్నారు.

2012లో ఫాబియన్ సాంసన్, మొత్రాన్, సూలియెర్, జెఫిరో కలిసి అంతవరకు వచ్చిన ఇరవై ఆరు మెదడు చిత్రాల పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. ఆటిజం గలవారు 357 మంది, లేనివారు 370 మంది. ముఖాలు, వస్తువులు, అక్షరాలు – చూపించినది ఏదయినా, వెనుక భాగాల వాటా ఎక్కువ, ముందు భాగాల వాటా తక్కువ అన్న మొగ్గు మళ్ళీ కనబడింది.

ఇంతవరకు చదివి, ఆటిజం గలవారందరూ బొమ్మల మేధావులే అని మీరు అనుకుంటే అది తొందరపాటు. 2009లో జర్మన్ పరిశోధకుడు స్వెన్ బోల్టె, సహచరులు మళ్ళీ కొలిచి చూస్తే, రావెన్, వెష్లర్ల మధ్య అంతరం అంత పెద్దది కాదనీ, అది ముఖ్యంగా వెష్లర్‌లో తక్కువ వచ్చిన వారిలోనే ఉందనీ తేలింది. 2014లో మూత్, హోనెకాప్, ఫాల్టర్ అనేక పరిశోధనలను కలిపి లెక్కకట్టి, దిమ్మెలలోనూ దాగిన ఆకృతులలోనూ ఆటిజం గలవారి ఆధిక్యం సగటున చిన్నదేననీ, మనిషికి మనిషికి, పరిశోధనకు పరిశోధనకు చాలా మారుతున్నదనీ చూపారు. గ్రాండిన్ సైతం తరువాతి రచనలలో తన తొలి మాటను సవరించుకొని, ఆటిజం గలవారిలో బొమ్మలతో ఆలోచించేవారూ, సంగీతంలో గణితంలో వలె అల్లికలతో ఆలోచించేవారూ, మాటలతోనే ఆలోచించేవారూ ఉన్నారన్నారు. పైగా గంటసేపు కదలకుండా ఆ యంత్రంలో పడుకోగలిగినవారి మెదళ్ళనే మనం చూశాము. పడుకోలేని వారి సంగతి ఆ చిత్రాలలో లేదు.

ఆ చివరి లోటును కొంత పూరించిన పరిశోధన 2015లో మాంట్రియల్ నుంచే వచ్చింది. వలెరీ కూర్షెన్ బృందం మాట దాదాపు లేని ముప్ఫై మంది ఆటిజం గల బడి పిల్లలను తీసుకున్నది. వెష్లర్ పరీక్షను వారిలో ఒక్కరూ పూర్తి చేయలేకపోయారు. పాత లెక్కన అయితే వారందరి కాగితం మీదా ‘పరీక్షకు లొంగడు’ అన్న రెండు ముక్కలు రాసి పక్కన పెట్టేవారు. రావెన్ రంగుల పరీక్షను పుస్తకంగా గాక, ముక్కలను చేత్తో తీసి ఖాళీలో పెట్టే పలకలుగా ఇచ్చారు. ఇరవై ఆరు మంది పూర్తి చేశారు. అందులో పదిహేడు మంది గుణాంకాలు అదే వయసు పిల్లల మామూలు పరిధిలో, 5వ శతాంశానికీ 90వ శతాంశానికీ మధ్య, ఉన్నాయి. 1943లో కానర్ ముందు పెట్టిన చెక్క పలకకూ ఈ పలకలకూ ఎంత దూరం? నడుమ డెబ్బై రెండేళ్ళు మాత్రం గడిచిపోయాయి.

ఇక మన వైపు చూద్దాం. కర్ణాటకలోనో, తమిళనాడులోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబంలోని బిడ్డను పరీక్షకు తీసుకుపోయినప్పుడు, ఎదుట కూర్చున్నవారు ఆ రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో అడుగుతారు. నాగపూర్‌లో మాలిన్ వెష్లర్ పరీక్షను భారతీయ బాలలకు తగినట్లు మలిచారు. అది దేశమంతటా వాడుకలోకి వచ్చింది. అందులోనూ పదజాలం, పోలికలు, లోకజ్ఞానం వంటి భాగాలు మాటల మీదే నిలబడి ఉంటాయి. ఆటిజం వల్ల మాట ఒకవైపు చిక్కు, ఇంటి భాష వేరు కావడం వల్ల మరొకవైపు చిక్కు. తెలుగులో ‘గరిటె’ అని ఎరిగిన వస్తువును మరొక భాషలో చెప్పలేకపోతే, ఆ సున్నా ఎవరి ఖాతాలో పడుతుందో మన సమాజాల ఉపాధ్యాయులకు నేను వివరించనక్కర లేదు.

తల్లిదండ్రులు తరచు కలగాపులగం చేసుకునే సంగతి ఒకటి ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని విడిగా గుర్తించింది. ధ్రువపత్రాల కోసం వాడే ‘ఇస్సా’ అనే నలభై అంశాల కొలమానం సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో 2009 నాటికి రూపొందింది. ఆ కొలమానం ఆటిజం తీవ్రతను చెబుతుంది, ప్రజ్ఞను చెప్పదు. రెండు కాగితాలూ వేరు.

ఉపాధ్యాయులకు ఒక మాట. బొమ్మల ద్వారా రోజువారీ క్రమాన్ని చూపే పద్ధతులు అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ 1972లో నెలకొల్పిన ‘టీచ్’ కార్యక్రమం ద్వారా ప్రచారంలోకి వచ్చాయి. ప్రార్థన, లెక్కలు, అన్నం, ఆట, ఇల్లు – ఐదు బొమ్మలు అట్టముక్క మీద వరుసగా అంటించి, అయిపోయినదానిని తీసివేయడం; ఇంతే. ఖర్చు లేని పని. ఏ భాషా మాధ్యమంలోనైనా నడుస్తుంది. లెక్క చెప్పేటప్పుడు కూడా మెట్లను నోటితో వివరించడానికి ముందు, పూర్తి చేసిన రెండు లెక్కలను పక్కపక్కన ఉంచి, మూడవదాన్ని ఖాళీగా వదిలి చూడండి. కొందరు పిల్లలు ‘ఎలా చేశావు’ అని అడిగితే చెప్పలేరు, చేసి మాత్రం చూపుతారు. అటువంటి చోట ‘ఎలా చేశావు’ అన్న ప్రశ్నకు సగం మార్కులు కేటాయించవద్దు.

తల్లిదండ్రులు పరీక్షా కేంద్రానికి వెళ్ళినప్పుడు ఏ పరీక్ష పెడుతున్నారో, ఏ భాషలో పెడుతున్నారో అడగవచ్చును. రావెన్ గానీ, మరొక అశాబ్దిక పరీక్ష గానీ కూడా పెట్టగలరా అనీ, ఇంటి భాష తెలుగు అన్న సంగతి నివేదికలో రాయగలరా అనీ అడగవచ్చును. నివేదిక చేతికి వచ్చాక మొత్తం ప్రజ్ఞాలబ్ధి ఒక్కటే చూసి మడిచి పెట్టకండి. శాబ్దిక భాగం ఎంత, నిష్పాదన భాగం ఎంత, ఒక్కొక్క ఉపపరీక్షలో ఎంత అన్న పట్టిక సాధారణంగా లోపలి పుటలో ఉంటుంది. లేకపోతే ఇమ్మని కోరండి. దిమ్మెల వరుసలోని అంకెను తక్కిన అంకెలతో పోల్చి చూసి, ఆ పుట నకలు ఒకటి తరగతి ఉపాధ్యాయునికి కూడా ఇవ్వండి.